ఎండ్రకాయ ఊడ్చిన వాకిలి

మా అన్నయ్య మనవరాలు శిరీష గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదువుతోంది. ఆదివారాలు బస్సెక్కి గుడివాడలో ఉన్న మా ఇంటికి వస్తుంది. తాతయ్యని చూడ్డానికి వచ్చానంటుంది గానీ, మా కోడలు పెట్టే చేపల పులుసు వాసన గుడ్లవల్లేరు దాకా వెళ్తుందని నా అనుమానం. మొన్నొక ఆదివారం భోజనాలయ్యాక నా మంచం అంచున కూర్చుని ఫోన్లో ఏదో చూపించింది. ఎక్కడో మంచుదేశం, కనుచూపు మేరా తెలుపు. ఆ తెలుపు మీద చక్రాలు లేని మోటారు బళ్ళు, ముందు రెండు చెక్కల్లాంటి పాదాలు, వెనక గిరగిరా తిరిగే రబ్బరు పట్టా, రయ్యిమని పోతున్నాయి. వాటిల్లో రకరకాల పందేలున్నాయట. గీత గీసినట్టు తిన్నగా ఉరికేది ఒకటి, కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ తిరిగేది ఒకటి, నిట్టనిలువు కొండ ఎక్కేది ఒకటి, ఊళ్ళకి ఊళ్ళు దాటుకుంటూ రోజంతా పోయేది ఇంకొకటి. చివర్లో చూపించినదానికి నాకు కళ్ళు తిరిగాయి: మంచంతా కరిగిపోయిన చెరువులో నీళ్ళ మీదే ఆ బండిని నడుపుతున్నారు. వేగం తగ్గిందా, బండీ మనిషీ బుడుంగున మునగడమే.

“ఇందులో ఏముందే, ఇవన్నీ మా ఊళ్ళో ఉండేవే,” అన్నాను.

“మన ఊళ్ళో మంచెక్కడిది తాతయ్యా?”

“మంచు లేకపోతేనేం, బురద లేదూ?”

మా ఊరు గుడివాడకీ బందరుకీ మధ్య, మొత్తం పల్లపు నేల. కాలవలు వదిలారంటే ఊరు ఊరంతా బురదే. నాట్లకి ముందు మడిలో నీళ్ళు పెట్టి, దున్ని దున్ని పాయసంలా కలపడాన్ని దమ్ము చేయడం అంటాం. దమ్మయిన మడిని చదును చేయడానికి తాడిమాను చీల్చి చేసిన బల్ల ఒకటి ఉండేది. దాన్ని అడ్డంగా పెట్టి ఎద్దుల కాడికి మోకులతో కట్టి, పైన మనిషి నిలబడి తోలాలి. మనిషి బరువుకి మిట్టలు పల్లాల్లోకి జారి మడి అద్దంలా తయారయ్యేది. నెమ్మదిగా చేస్తే అది పని, వేగంగా చేస్తే పందెం. అందులోనూ రకాలున్నాయని శిరీషకి వేళ్ళు మడిచి మరీ చెప్పాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తోలేది తిన్న పందెం. మడిని మూడుసార్లు చుట్టబెట్టేది చుట్టు పందెం. మూలల్లో బల్ల విసురుగా తిరిగినప్పుడు మనిషి ఎగిరి గట్టవతల పడడం ఇందులో ముచ్చట. పంట బోదెలోకి దూకి అవతలి ఒడ్డెక్కేది బోదె పందెం, మీ నీళ్ళ మీద బండికి అదే అన్నగారు. నాలుగోది ఊళ్ళ పందెం, మా ఊళ్ళో బయల్దేరి గట్టు తర్వాత గట్టు దాటుకుంటూ బందరు పొలిమేర దాకా. చూడ్డానికి పదివేల మంది వచ్చేవారు. గెలిచినవాడికి తులం బంగారు కడియం తొడిగేవారు. నాకూ తొడిగారు.

ఇక్కడ కాస్త ఆగి సర్దుబాట్లు చేసుకోవాలి. పదివేల మంది రాలేదు. కుక్కలతో కలిపి ఓ నూటయాభై ఉంటారేమో. ఊళ్ళ పందెం ఎన్నడూ జరగలేదు. అది నేను ఆ ఆదివారం మంచం మీద కూర్చుని పుట్టించింది. బోదె పందెం ఒక్కసారి జరిగింది గానీ అది పందెం కాదు. తేనెటీగలకి బెదిరిన ఎద్దులు మా బాబాయిని బల్లతో సహా బోదెలో పడేశాయి. తులం బంగారం చిలకలపూడి సరుకు, రోల్డుగోల్డు. రెండో వానాకాలానికే మెరుగు పోయి లోపలి రాగి కనిపించింది. చుట్టు పందెం నిజమే. తిన్న పందెమూ నిజమే, దాన్ని నేను గెలవడమూ నిజమే. ఎలా గెలిచానన్నదే ఇప్పుడు రాయాల్సింది.

దమ్ము రోజుల్లో మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. తెలవారుతుండగానే నాయనమ్మ పెరటి పొయ్యి మీద పెద్ద కాగులో ఉలవలు పడేసేది. ఆ ఉడికే వాసన, పొయ్యి మీద దండేనికి ఆరేసిన తడి పంచెల పొగవాసన, ఎద్దుల మెడలకి రాసే వేపనూనె వాసన, ఈ మూడూ కలిసి మా అన్నంలోకి కూడా వచ్చేవి. ఉడికిన గింజలు ఎద్దులకి, వార్చిన నీళ్ళతో కాచిన చారు మనుషులకి. ఇంట్లో ఎవరు ముఖ్యమో దాన్నిబట్టే తెలిసేది. నాన్న పొలంలో దిగగానే గుప్పెడు బురద తీసి, వేళ్ళ మధ్య జార్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇంకో చాలు పడాలి,” అనేవాడు. ఎన్ని చాళ్ళు పడినా అదే అనేవాడు. సాయంత్రానికి అందరి కాలివేళ్ళ సందులూ పాచిపోయేవి. నాయనమ్మ గోరింటాకు నూరి వరసగా అందరికీ పెట్టేది. మగాళ్ళందరం కొత్తపెళ్ళికూతుళ్ళలా ఎర్రటి కాళ్ళు చాపుకుని వసారాలో కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి కాళ్ళూ ఎవరూ ముట్టుకోరు. నా మందుల డబ్బా మీద మాత్రం ఏ పూటకి ఏది వేసుకోవాలో కోడలు అందంగా రాసి పెడుతుంది.

మా ఆయకట్టుకి నీళ్ళు కట్టే మనిషి పేరు యోబు. ఊరి చివర, ప్రార్థన మందిరం పక్కన ఉండేవారు. కాలవ నీళ్ళు ఏ మడికి ఎంతసేపు వదలాలో చూడడం, గట్లు కాపాడడం ఆయన పని. దానికి కోతలయ్యాక రైతులందరూ తలా కొంత ధాన్యం కొలిచేవారు. ఆ ఇంటి తిండి అదే. మా గట్లకి శత్రువు ఎండ్రకాయ, అదే పొలం పీత. అది బొరియ తవ్విందంటే పూటలో మడి ఖాళీ. యోబు చెప్పుల్లేకుండా గట్టు మీద నడుస్తూ అరికాలితోనే కనిపెట్టేవారు, కింద ఎక్కడ గుల్లగా ఉందో. అక్కడ కూర్చుని, భుజం దాకా చెయ్యి పెట్టి, ఎండ్రకాయని లాగి బుట్టలో వేసి, గడ్డీ బంకమట్టీ కలిపి కూరి, మడమతో మూడు తొక్కులు తొక్కేవారు. మూడే, నాలుగోది ఉండదు. ఆయన తొక్కిన చోట మళ్ళీ కారడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు ‘ఆయన’ అనీ ‘వారు’ అనీ రాస్తున్నాను. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఆయనకి నలభై దాటినప్పుడు, నేను పిలిచింది “ఒరే యోబూ” అనే. ఆయన నన్ను “బాబుగారూ” అనేవారు. అందులో వింతేమీ ఎవరికీ కనపడేది కాదు, నాకు అసలే కనపడేది కాదు.

పందెంలో నాకు పోటీ మా మేనత్త కొడుకు సాంబు బావ. వరసగా మూడేళ్ళు వాడే గెలిచాడు. గెలవడం కన్నా, గెలిచాక ఏడాదంతా వాడు చేసే సందడి భరించడం కష్టం. మా వసారాలో కూర్చుని మా చారే తాగుతూ, “ఏరా బావమరిదీ, ఈసారి బల్ల మీద నిలబడి వస్తావా, పడుకుని వస్తావా?” అనేవాడు. “నీ మూతికి బురద పూయకపోతే అడుగు బావా,” అనేవాణ్ణి నేను. నాయనమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

పందెం మడికి నడుమ సన్నటి గట్టు వేసి రెండు చేసేవాళ్ళు, ఒక్కో బల్లకి ఒక్కో సగం. రెంటిలోనూ నీళ్ళు సమంగా ఉండాలి. చీలమండ లోతు నీళ్ళుంటే బల్ల నూనె మీద పోయినట్టు పోతుంది. నీళ్ళు తీశాయా, బురద జిగటెక్కి బల్లని పట్టేసుకుంటుంది. ఆ రోజు పొద్దున్న యోబు రెండు పక్కలా వేలు ముంచి, కణుపులు లెక్కపెట్టి, “రెండూ ఒక్కటేనండి,” అని అందరి ముందూ చెప్పారు. మధ్యాహ్నం భోజనాలకి వెళ్ళి, పొద్దు వాలాక అందరం మళ్ళీ చేరాం. కండువా ఊపగానే రెండు జతలూ లేచాయి. సగం దాకా బావే ముందున్నాడు. సగం దాటాక వాడి బల్ల ఎవరో కిందినుంచి పట్టుకున్నట్టు ఆగింది. ఎద్దులు ముందుకి, బావ ఇంకా ముందుకి. నేను మాటిచ్చినట్టే వాడి మూతికి బురద. నేను అవతలి గట్టు చేరి వెనక్కి చూసేసరికి, వాడి మడి చివర నీళ్ళు లేవు. నల్లగా, ఎండకి మెరుస్తూ ఒట్టి బురద.

“అప్పుడేమైందో తెలుసా?” అని శిరీషని ఊరించాను. ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ ఆగి ఊరించడం నాకు అలవాటు. “యోబు గట్టు వెంట పరుగెత్తి, మురుగు కాలవ వైపు మూలలో బొరియ కనిపెట్టాడు. భుజం దాకా చెయ్యి పెట్టి చూసి లేచి, ‘ఇది ఎండ్రకాయ పని కాదండి. ఎండ్రకాయ తవ్వితే మట్టి ఉండలు చేసి వాకిట్లో పడేస్తుందండి. ఇక్కడ ఒక్క ఉండ కూడా లేదండి. ఇది మనిషి చెయ్యండి,’ అన్నాడు. ఒక్కళ్ళూ మాట్లాడలేదు. అప్పుడు నేనన్నాను, ‘మన యోబు గట్టు మీద కాపురం కదా నాన్నా, ఎండ్రకాయ కూడా పద్ధతి నేర్చుకుంది. వాకిలి ఊడ్చుకుని మరీ వెళ్ళింది!’ అని. ఇంక చూడు, జనం పొట్టలు పట్టుకుని నవ్వడం! బురదలో కూర్చున్న సాంబు బావ అందరికన్నా గట్టిగా నవ్వాడు.”

అరవై ఏళ్ళ పైగా ఈ మాటకి జనం నవ్వుతున్నారు. పెళ్ళిపందిళ్ళలో, రైలు పెట్టెల్లో, ఆస్పత్రి బల్లల మీద కూడా నవ్వించాను. శిరీష నవ్వలేదు. ఫోను పక్కన పెట్టి, లెక్క తప్పిన చోట వేలు పెట్టి చూపిస్తున్నట్టు అడిగింది.

“ఉండలు లేవని ఆయన చెప్పింది సరిగ్గానే ఉంది కదా తాతయ్యా? మరి ఎవరు తవ్వారు?”

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు ఎనభై దాటాయి. నన్ను తిట్టేవాళ్ళూ కొట్టేవాళ్ళూ ఎవరూ మిగల్లేదు. నిజం చెప్పడానికి ఒక్క అడ్డం కూడా లేదు. “ఎండ్రకాయేనే పిచ్చిదానా,” అన్నాను. “సరేలెండి తాతయ్యా,” అని తను లేచి వెళ్ళి వంటింట్లో గిన్నెలు సర్దింది. బస్సుకి వెళ్తూ వస్తానని చెప్పింది గానీ, ఎప్పుడూ చెప్పేలా చెప్పలేదు.

తవ్వింది నేను. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఎద్దులకి గడ్డి వేసి వస్తానని వెనకబడ్డాను. ఎద్దుల్ని తోలే ములుగర్ర గుచ్చి దారి చేసి, తర్వాత కుడిచెయ్యి మోచేయి దాటేదాకా పెట్టి వెడల్పు చేశాను. తీసిన మట్టి తీసినట్టు మురుగు కాలవలోకి విసిరాను, ఎవరికీ కనపడకూడదని. పంతొమ్మిదేళ్ళు గట్ల మీద తిరిగినవాణ్ణి, ఎండ్రకాయ ఉండలు వాకిట్లో పడేస్తుందని తెలియనివాణ్ణా? ఆ తొందరలో తోచలేదు. దొంగతనం శుభ్రంగా చేయబోయి ఆ శుభ్రంతోనే దొరికిపోయాను. పట్టుకున్నది యోబు. ఆయన ‘మనిషి చెయ్యి’ అన్నప్పుడు నాన్న చూపు నా మీద పడింది. ఒంటికి బురద లేనివాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నా చెయ్యి నన్ను పట్టివ్వలేదు. కానీ ఇంకో గడియ ఆ మౌనం సాగితే నా మొహం పట్టిచ్చేది. అందుకే ఆ మాట అన్నాను. అనుకుని అనలేదు, నా నోటికి అలాంటివి వాటంతటవే వస్తాయి. జనం నవ్వారు. యోబు నా వైపు ఒక్కసారి చూశారు. అప్పుడు ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలుసు. తర్వాత ఆయన కూడా నవ్వారు. నూటయాభై మంది నవ్వుతుంటే గట్టు మీద ఒక్కడే నవ్వకుండా ఎలా నిలబడతాడు?

ఇంటికి రాగానే నాయనమ్మ నూతి దగ్గర నా చేతులు కడుగుతూ, “మోచెయ్యి ఇలా గీరుకుపోయిందేంరా?” అంది.

“కాడి తగిలింది నాయనమ్మా.”

ఇంకేమీ అడగలేదు. మిగతా బురద నన్నే కడుక్కోమని చెంబు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. కడియం చూపిస్తానంటే, పొయ్యి మీద పని ఉందంది. పోయేదాకా ఆవిడ ఆ కడియాన్ని చూడలేదు.

ఆ సాయంత్రమే, ఇంకా దీపాలు పెట్టకముందే, రైతులు నలుగురూ మా వసారాలో చేరారు. యోబుని పిలిపించారు. ఆయన పార పట్టుకుని వచ్చి మెట్ల కింద నిలబడ్డారు. బొరియ పోనీగానీ, తన పొరపాటు దాచుకోడానికి రైతుబిడ్డల మీద మాట తోస్తాడా అన్నది వాళ్ళ కోపం. నాన్నకి ఆయనంటే మంచి గురి. దారి చూపించాలనే చూశాడు.

“పొరపాటయిందని ఒక్క మాట అనెయ్ యోబూ. ఇంతటితో అయిపోతుంది.”

“నాదయితే అంటానండి,” అన్నారు యోబు. “గట్టులో పొరపాటు లేదండి.”

“అంటే మా పిల్లలే తవ్వారంటావా?”

“ఎవరనేది నేననలేదండి. ఎండ్రకాయ కాదన్నానండి.”

వసారాలో ఎవరో, “పాపం, వాకిలి ఊడ్చుకున్న ఎండ్రకాయ కదా,” అన్నారు. మళ్ళీ నవ్వులు. నా మాట అప్పుడే నేను లేకుండా తిరగడం మొదలుపెట్టింది. నేను స్తంభం వెనక ఉన్నాను, చేతికి కడియంతో. నాలుగడుగులు ముందుకేస్తే సరిపోయేది. నాన్న నాలుగు తగిలించేవాడు, సాంబు బావ ఏడాది నవ్వేవాడు, అంతే కదా! ఆ నాలుగడుగులు వేయలేదు. ఇంకెవరినో చూసుకుంటామని చెప్పారు పెద్దలు. యోబు చేతిలోని పారని శుభ్రంగా బోదెలో కడిగి తెచ్చి, మా గోడకి ఆనించి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా పిల్లల్ని తీసుకుని దివిసీమ వైపు, భార్య పుట్టింటివాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారని విన్నాను. ఆ ఏడు మా ఆయకట్టులో గట్లు ఎన్నిసార్లు తెగాయో చెప్పలేను. తెగినప్పుడల్లా జనం నా మాట తలుచుకుని నవ్వుకునేవారు.

శిరీష తర్వాతి ఆదివారం రాలేదు. ఫోను చేసి పరీక్షలంది. నిజంగా పరీక్షలే అయుంటాయి. అయినా చేపల పులుసు నాకు రుచించలేదు. మా ఊరి మందిరంలో పాస్టరుగారిని కనుక్కుంటే, యోబు పోయి చాలాకాలమైందనీ, కూతురు మరియమ్మ నాగాయలంకలో ఉందనీ చెప్పారు. కోడలితో బందరులో పాత స్నేహితుణ్ణి చూసొస్తానని అబద్ధమాడి నాగాయలంక బస్సెక్కాను. కడియం జేబులో పెట్టుకున్నాను, ఆవిడ చేతిలో పెడదామని. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అల్లుకున్నాను, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో కూడా. బస్సు దిగేసరికి ఆ అల్లికంతా చూసి నాకే రోత పుట్టింది. ఆ రాగిముక్క ఆవిడకెందుకు? దాన్ని జేబులోంచి తియ్యలేదు.

మరియమ్మకి డెబ్బై పైనే ఉంటాయి. అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. ఊరి పేరు చెప్పగానే లేచి, చెంగుతో కుర్చీ తుడిచి, “కూర్చోండి బాబుగారూ, ఇంత దూరం వచ్చారేంటండి,” అంది. వాళ్ళ నాన్న పిలిచినట్టే ‘బాబుగారూ’. నేను కూర్చోలేదు. కూర్చుంటే కథ చెప్పే అలవాటు వస్తుంది.

“ఆ రోజు పందెం మడికి బొరియ పెట్టింది నేనమ్మా. మీ నాన్నగారు చెప్పింది నిజం. ఆ మాట అని అందరినీ నవ్వించింది కూడా నేనే.”

ఆవిడ చేతిలో ఉన్న చేపని బుట్టలో వేసింది.

“అయితే నాన్న చెప్పింది నిజమేనండీ?”

“నిజమేనమ్మా.”

“మాకు రోజూ చెప్పేవాడండి. పోయే ముందు కూడా చెప్పాడండి, అది మనిషి చెయ్యేనమ్మా అని. మేం నమ్మలేదండి.” ఆవిడ నన్ను చూడ్డం లేదు. “ఆ మాట మాకన్నా ముందే ఇక్కడికి వచ్చేసిందండి, మీ ఊరి చుట్టాల వల్ల. బళ్ళో ఎక్కిరించేవాళ్ళండి మమ్మల్ని. మేం ఇంటికొచ్చి మా నాన్నని ఎక్కిరించేవాళ్ళమండి. ఎండ్రకాయ వాకిలి ఊడ్చిందా నాన్నా అని. నవ్వేవాడండి. మా వాడికి నాన్న పేరు పెడదామనుకుని, మళ్ళీ ఎక్కిరిస్తారని మానేశానండి.”

నేను వెళ్ళింది ఆయన పని పోగొట్టినందుకు. ఆ ఎక్కిరింత ఆయన పిల్లల నోట్లో పెట్టింది కూడా నేనేనని అప్పుడే తెలిసింది. క్షమించమనే మాట దారిలో అల్లుకున్నవాటిలో ఉంది. అది అడగడానికి నోరు రాలేదు. ఆవిడా క్షమించాననలేదు. అనకపోవడమే బాగుంది.

లోపలికి తిరిగి, “ఒరే సురేషూ, ఇలా రా,” అని కొడుకుని పిలిచింది. యాభై ఏళ్ళ మనిషి, రొయ్యల చెరువుల గట్లు చూసే పని అట, మోకాళ్ళ దాకా ఎండిన బురద. “మళ్ళీ చెప్పండి బాబుగారూ, మా వాడికి,” అంది. చెప్పాను. అది చాలదన్నట్టు పక్కింట్లోంచి చెల్లెల్ని పిలిచింది. ఆవిడ కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి, చెవి నా వైపు తిప్పి నిలబడింది. “దీనికీ చెప్పండి. ఇది నాకన్నా ఎక్కువ ఎక్కిరించేదండి.”

మూడోసారి మొదలుపెట్టాను. బొరియ దాకా వచ్చేసరికి, ఏం పుట్టుకో నాది, ఒక మాట తోచింది. మంచి మాట, ముగ్గురూ నవ్వేవారేమో, అందరికీ కాస్త తేలికయ్యేదేమో. నాలిక మీదికి వచ్చేసింది. పళ్ళు బిగించి మింగేశాను. మిగిలిన రెండు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పి ఆపేశాను.

సురేషు నా చేతుల వైపు చూశాడు.

“ఏ చేత్తోనండి?”

కుడిచెయ్యి చాపాను. ముట్టుకోకుండా వంగి, గట్టు చూసే మనిషి బొరియని చూసినట్టు, వేళ్ళ దగ్గర్నుంచి మోచేతి దాకా చూశాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ చూశారు. వాళ్ళు చాలనేదాకా దాన్ని అలాగే చాపి ఉంచాను.